పతకం అంచు మీది పేరు



నేను పుట్టింది 1980లో. ఆ ఏడు జనవరిలో వెండి ధర దేశదేశాల్లో ఎన్నడూ లేనంత పెరిగింది. ఆ సంగతి మా అవ్వకు తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఇంట్లో మగపిల్లవాడు పుట్టాడు, వాడికి మొలతాడు చేయించాలి, కొత్త వెండి కొందామంటే చేతిలో డబ్బు లేదు. ఆమె ట్రంకుపెట్టె తెరిచి, అడుగున పాతగుడ్డలో మూటగట్టి ఉన్న ఒక గుండ్రటి బిళ్ళను తీసి ఆచారి చేతిలో పెట్టింది. అది రెండున్నర తులాలు తూగిందట. ఆచారి దాన్ని కరిగించి, మరికాస్త వెండి కలిపి, నాకు మొలతాడు చేసి ఇచ్చాడు.

ఆ బిళ్ళ ఎవరిదంటే, మా నాయనకు తాతది. మా ఇంట్లో ఆయనను అందరూ బస్రా తాత అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడెక్కి బస్రా వెళ్ళి వచ్చాడు కాబట్టి ఆ పేరు. ఆయన అసలు పేరు చెప్పగలిగిన వాళ్ళు నాకు ఊహ తెలిసేనాటికి ఎవరూ మిగల్లేదు. నేను పెద్దవాడినయ్యాక, బి.ఇడి. చదివే రోజుల్లో, ఒకనాడు అవ్వను అడిగాను. "అవ్వా, ఆ బిళ్ళ ఎట్లా ఉండేది?" అని. ఆమె చెప్పింది: "ఒకపక్క రాజు తలకాయ నాయనా, ఇంకోపక్క గుర్రం మీద మనిషి. అంచు చుట్టూ ఏవో ఇంగ్లీషు అక్షరాలు."

ఆ అంచు చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలే ఆయన పేరు. ఆయన సిపాయి సంఖ్య, ఆయన హోదా, ఆయన పనిచేసిన పటాలం అన్నీ అందులోనే ఉన్నాయి. నేను ఆ పేరును నడుముకు కట్టుకుని వీధుల్లో ఆడుకున్నాను. కానీ చదవలేకపోయాను. అప్పటికే అది కరిగిపోయింది.

ఈనాటి ప్రసంగం సైనిక పతకాల గురించి. వాటిని సేకరించేవాళ్ళు ఏం చూస్తారో, ఏం చూడాలో చెబుతాను. దానికోసం ఒక గుర్రపు దళపతి కథ కూడా చెబుతాను. ఆ దళపతి ఐర్లండు దేశస్థుడు. అయితే అతని జీవితంలో అన్నిటికంటే పేరుమోసిన రోజు గడిచింది మన రాయవేలూరు కోటలోనే.

ముందుగా పతకం సంగతి. శౌర్యానికి గుర్తు ఇవ్వడం మనకు కొత్త కాదు. వీరులకు, ఆ తర్వాత కవులకు కాలికి గండపెండేరం తొడిగిన రాజులు మనకున్నారు. అంతకంటే పాతది వీరగల్లు. చిత్తూరు, కోలారు, కృష్ణగిరి, ధర్మపురి, వేలూరు ప్రాంతాల్లో పొలం గట్ల మీద, చెరువు కట్టల పక్కన ఈ రాళ్ళు మీరు చూసే ఉంటారు. కత్తి పట్టిన మనిషి బొమ్మ, కొన్నిటి మీద గుర్రం, పైన నాలుగు పంక్తుల శాసనం. ఊరి పశువులను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయిన వాడి పేరు దాని మీద ఉంటుంది. తెలుగో, కన్నడమో, తమిళమో, భాష ఏదైనా చచ్చినవాడి పేరు రాయాలన్నది ఆ ఊరివాళ్ళ పట్టుదల.

ఇంగ్లీషు కంపెనీవాళ్ళ పద్ధతి వేరు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాను చనిపోయాక, ఆ యుద్ధంలో ఉన్న వాళ్ళందరికీ కంపెనీ ఒక పతకం ఇచ్చింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో దాన్ని అచ్చువేశారు. ఒకవైపు సింహం పులిని కింద పడేసి అణచిపెడుతున్న బొమ్మ. సింహం ఎవరో పులి ఎవరో నేను చెప్పనక్కరలేదు. రెండోవైపు కోట మీదికి ఎగబడుతున్న సేన. బొమ్మ అందరికీ ఒకటే, లోహం మాత్రం మనిషిని బట్టి మారింది. పైవాళ్ళకు బంగారం, ఆ కిందివాళ్ళకు బంగారు పూత పూసిన వెండి, తర్వాత వెండి, తర్వాత కంచు, అన్నిటికంటే అడుగున ఉన్న మామూలు సిపాయికి తగరం. ఇంకో సంగతి. ఆ పతకాల మీద ఎవరి పేరూ చెక్కి ఇవ్వలేదు. అందువల్ల ఈనాడు ఒక తగరపు బిళ్ళ మన చేతికి వస్తే అది సిపాయిదని చెప్పగలం గానీ, ఏ సిపాయిదో చెప్పలేం.

అదే కాలంలో ఫ్రాన్సులో నెపోలియన్ ఇంకొక పద్ధతి మొదలుపెట్టాడు. 1802లో అతను లీజియన్ ఆఫ్ ఆనర్ అనే గౌరవాన్ని స్థాపించాడు. కులీనుడా కాదా అని చూడకుండా, సైనికుడికీ పండితుడికీ ఒకే గౌరవం దక్కేలా ఏర్పాటు చేశాడు. ఇంగ్లీషువాళ్ళు ఈ విషయంలో చాలా కాలం వెనకబడే ఉన్నారు. 1810లో పెట్టిన సైన్యపు బంగారు పతకం కూడా పెద్ద అధికారులకే. 1815లో వాటర్లూలో నెపోలియన్ ఓడిపోయాక మాత్రం ఇంగ్లీషు ప్రభుత్వం తొలిసారిగా దళపతి మొదలు మామూలు సైనికుడి వరకు అందరికీ ఒకే వెండి పతకం ఇచ్చింది. ప్రతి పతకం అంచు మీదా అది అందుకున్నవాడి పేరు అచ్చువేసింది. చచ్చిపోయినవాడి పతకాన్ని అతని ఇంటివాళ్ళకు అందజేసింది. పతకాలు సేకరించేవాళ్ళకు ఇది పెద్ద మలుపు. లోహపు బిళ్ళ ఆనాటి నుంచి ఒక మనిషికి సంబంధించిన దస్తావేజు అయింది.

ఇక నేను చెబుతానన్న గుర్రపు దళపతి కథకు వస్తాను. అతని పేరు రాబర్ట్ రోలో గిలెస్పీ. 1766 జనవరి 21న ఉత్తర ఐర్లండులో డౌన్ జిల్లా కాంబర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. మనిషి పొట్టి, కోపం ఎక్కువ, భయం తక్కువ. 1783లో, పదిహేడేళ్ళ వయసులో, అశ్వదళంలో కార్నెట్‌గా చేరాడు. కార్నెట్ అంటే గుర్రపు దళంలో అందరికంటే చిన్న అధికారి. కొన్నేళ్ళకే ఒక ద్వంద్వ యుద్ధంలో ఎదుటి మనిషిని కాల్చి చంపి, కోర్టులో నిలబడి నిర్దోషిగా బయటపడ్డాడు. 1792లో జమైకా దీవి కోసం ఏర్పడిన 20వ లైట్ డ్రాగూన్ల దళంలో చేరాడు. లైట్ డ్రాగూన్లంటే తేలికపాటి గుర్రాల మీద వేగంగా కదిలే దళం. కరీబియన్ దీవుల్లో, ఇప్పుడు హైతీ అంటున్న చోట, ఫ్రెంచివాళ్ళతో పోరాడాడు. యుద్ధం కంటే పచ్చజ్వరం ఎక్కువమందిని చంపిన చోటు అది. అతను బతికాడు. తిరిగి వచ్చాక దళం డబ్బు లెక్కల విషయంలో ఆరోపణలు వచ్చాయి. 1804లో సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగింది. అందులోనూ నిర్దోషి అని తేలింది. కానీ చేతిలో డబ్బు లేదు, ఇంగ్లండులో ఉండబుద్ధి కాలేదు. ఇండియాలో ఉన్న 19వ లైట్ డ్రాగూన్లలోకి మార్పిడి చేయించుకున్నాడు.

ఆ 19వ దళం మామూలు దళం కాదు. 1803 సెప్టెంబరు 23న, ఈనాటి మహారాష్ట్రలో ఉన్న అస్సాయే ఊరి దగ్గర, మరాఠా సేన మీద వెలెస్లీ చేసిన యుద్ధంలో ముందుకు దూకిన దళం. ఆ వెలెస్లీయే తర్వాత వెల్లింగ్టన్ ప్రభువై వాటర్లూలో నెపోలియన్‌ను గెలిచాడు. ఈ దళాన్ని అందుకోవడానికి గిలెస్పీ ఓడ దారి పట్టలేదు. హాంబర్గ్, వియన్నా, కాన్‌స్టాంటినోపుల్, అలెప్పో, బాగ్దాద్ మీదుగా నేల మీద ప్రయాణం చేసి, చివరికి ఇండియా చేరాడు. ఆర్కాటులో గుర్రపు దళానికి అధిపతి అయ్యాడు. వేలూరు కోట అక్కడికి 16 మైళ్ళు.

శ్రోతలారా, వేలూరు కోట గురించి మీకు చెప్పేదేముంది. విజయనగర రాజుల కింద నాయకులు కట్టించిన కోట. చుట్టూ నీళ్ళు నిండిన అగడ్త, లోపల జలకంఠేశ్వరుడి గుడి. చంద్రగిరి రాజుల చివరి రోజులు ఈ కోటలోనే గడిచాయి. 1806 నాటికి అందులో టిప్పు సుల్తాను కొడుకులు, కూతుళ్ళు, పరివారం నిర్బంధంలో ఉన్నారు. కాపలాకు 69వ పటాలానికి చెందిన తెల్ల సైనికులు నాలుగు కంపెనీలు, వాళ్ళకు ఎన్నో రెట్లుగా మద్రాసు సిపాయీలు. ఆనాటి మద్రాసు సైన్యంలో తమిళులతో, ముస్లిములతో పాటు తెలుగువాళ్ళు కూడా ఉండేవారు. ఇంగ్లీషు దస్తరాల్లో తెలుగువాళ్ళను జెంటూలని రాసేవాళ్ళు.

1805 నవంబరులో సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ ఆమోదంతో కొత్త తలపాగా వచ్చింది. దానికి తోలుతో చేసిన గుర్తు ఒకటి తగిలించి ఉంది. దాంతోపాటు నుదుట బొట్టు, విభూతి, నామం పెట్టుకోకూడదనీ, గడ్డం తీసేయాలనీ, మీసం ఒకే తీరున ఉండాలనీ కొత్త నిబంధనలు. హిందువులకూ ముస్లిములకూ ఇద్దరికీ మనసు విరిగింది. 1806 మే నెలలో వేలూరులోనే కొందరు సిపాయీలు ఆ తలపాగా పెట్టుకోమని మొండికేశారు. వాళ్ళకు కొరడా దెబ్బలు పడ్డాయి. ఇటువంటి అలజడి హైదరాబాదులో ఉన్న కంపెనీ దళాల్లోనూ రేగింది.

1806 జులై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో తుపాకులు పేలాయి. నిద్రలో ఉన్న తెల్ల సైనికుల బారకాసుల మీద సిపాయీలు కాల్పులు జరిపారు. కోట అధిపతి కర్నల్ ఫ్యాన్‌కోర్ట్ చనిపోయాడు. 14 మంది అధికారులు, 69వ పటాలంలో వందకు పైగా సైనికులు హతమయ్యారు. ఆసుపత్రిలో మంచాల మీద ఉన్న రోగులను కూడా వదల్లేదు. కోట మీద మైసూరు పులిచారల జెండా ఎగిరింది. మిగిలిన కొద్దిమంది తెల్ల సైనికులు కోటగోడ మీద ఒక మూల తలదాచుకున్నారు. తుపాకీ మందు అయిపోయింది.

ఆ రాత్రి కోట బయట ఉన్న ఒక అధికారి గుర్రమెక్కి ఆర్కాటు పరుగెత్తాడు. కబురు అందీ అందగానే గిలెస్పీ సిద్ధంగా ఉన్న కొద్దిమంది రౌతులతో బయలుదేరాడు. మిగతావాళ్ళనూ, గుర్రాలు లాగే చిన్న ఫిరంగులనూ వెనక రమ్మన్నాడు. తనవాళ్ళకంటే ముందుగా కోట ముందు ప్రత్యక్షమయ్యాడు. ద్వారం మూసి ఉంది. గోడ మీద ఉన్న సార్జెంటు బ్రేడీ కరీబియన్ దీవుల్లో ఒకప్పుడు గిలెస్పీ కింద పనిచేసిన మనిషి. దూరం నుంచే గుర్తుపట్టాడు. పైనున్నవాళ్ళు తాడు కింద పడేశారు. నలభై ఏళ్ళ కర్నల్ ఆ తాడు పట్టుకుని గోడెక్కి, ఆ కొద్దిమందినీ కూడగట్టి, మందు లేని తుపాకులకు బాయినెట్లు తగిలించి, తన ఫిరంగులు వచ్చేదాకా సిపాయీలను ఆపాడు. ఫిరంగులు వచ్చాయి, ద్వారం పగిలింది, 19వ దళం, దాని వెంట మద్రాసు అశ్వదళం లోపలికి దూసుకొచ్చాయి. ఆ మద్రాసు అశ్వదళం వాళ్ళు కూడా మన దేశస్థులే. ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇంతవరకు చదివితే ఇది వీరగాథ. ఇంగ్లీషు కవి హెన్రీ న్యూబోల్ట్ దీని మీద ఒక పద్యం కూడా రాశాడు. కానీ నేను పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, కాబట్టి తర్వాతి పేజీ కూడా తిప్పాలి. కోట చేజిక్కిన తర్వాత, రాజభవనంలో దాక్కున్న సుమారు వందమంది సిపాయీలను బయటికి ఈడ్చుకొచ్చి, గోడకు వరసగా నిలబెట్టి, విచారణ లేకుండా కాల్చి చంపారు. కోట ద్వారం పగలగొట్టిన ఫిరంగుల దగ్గర ఉన్న బ్లేకిస్టన్ అనే ఇంజనీరు అధికారే ఈ సంగతి తన జ్ఞాపకాల్లో రాశాడు. ఆ రోజు చచ్చిపోయిన సిపాయీలు కనీసం 350 మంది ఉంటారని అంచనా. విచారణల తర్వాత మరికొందరిని ఉరితీశారు, కొందరిని ఫిరంగి నోటికి కట్టి పేల్చారు. తిరుగుబాటు చేసిన పటాలాల పేర్లే సైన్యం జాబితాలోంచి కొట్టేశారు. మరోపక్క తలపాగా ఉత్తర్వు రద్దయింది. సైన్యాధిపతి క్రాడక్‌నూ, మద్రాసు గవర్నరు బెంటింక్‌నూ 1807లో వెనక్కి పిలిపించారు. అంటే సిపాయీల ఫిర్యాదులో న్యాయం ఉందని కంపెనీయే ఒప్పుకున్నట్టు. కానీ అప్పటికే ఫిర్యాదు చేసినవాళ్ళు మట్టిలో కలిసిపోయారు.

గిలెస్పీ అక్కడితో ఆగలేదు. 1811లో జావా దీవి మీదికి వెళ్ళిన సేనలో ముందు నడిచాడు. ఆ దీవి అప్పుడు నెపోలియన్ ఏలుబడిలో ఉంది. అక్కడ కోర్నెలిస్ అనే కోటను పట్టడంలో ప్రధాన పాత్ర అతనిదే. 1812లో మేజర్ జనరల్ అయ్యాడు. జావాలో గవర్నరుగా ఉన్న రాఫిల్స్‌తో గొడవ పడి, అతని మీద ఫిర్యాదులు రాసి, మళ్ళీ ఇండియా వచ్చాడు.

1814లో నేపాలుతో యుద్ధం మొదలైంది. డెహ్రాడూన్ దగ్గర నాలాపానీ అనే కొండ మీద ఖలంగా అనే చిన్న కోట ఉంది. అందులో బలభద్ర కుంవర్ అనే గూర్ఖా నాయకుడు సుమారు 600 మందితో ఉన్నాడు. ఆడవాళ్ళూ పిల్లలూ కూడా ఆ లెక్కలోనే. గిలెస్పీ దగ్గర వేలల్లో సేన ఉంది. అక్టోబరు 31న మొదటి దాడి విఫలమైంది. వేలూరులో గోడెక్కిన మనిషికి వెనక్కి తగ్గడం చేతకాలేదు. గుర్రాలు దిగిన డ్రాగూన్లను వెంటబెట్టుకుని, తానే ముందు నడుస్తూ, కత్తి ఊపుతూ కోట గుమ్మం వైపు వెళ్ళాడు. గుమ్మానికి కొద్ది గజాల దూరంలో గుండు తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. వేలూరులో గెలిపించిన తొందరపాటే నాలాపానీలో ప్రాణం తీసింది.

నవంబరు 27న జరిగిన రెండో దాడిలోనూ కోట లొంగలేదు. చివరికి నీళ్ళు అందకుండా చేశారు, ఫిరంగులతో గోడలు కూల్చారు. నవంబరు 30న బలభద్రుడు మిగిలిన సుమారు 70 మందితో ముట్టడిని ఛేదించుకుని కొండల్లోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పతకాల లెక్క చూద్దాం. 1815 జనవరి 2న ఇంగ్లండులో ఆర్డర్ ఆఫ్ ది బాత్ అనే పాత గౌరవాన్ని పెంచి మూడు తరగతులుగా చేశారు. నెపోలియన్ యుద్ధాల్లో పేరు తెచ్చుకున్న అధికారులను పెద్ద జాబితాగా వేసి, సర్ అనే బిరుదు ఇచ్చారు. ఆ జాబితాలో గిలెస్పీ పేరుంది. అతను చనిపోయి అప్పటికి రెండు నెలలు. కానీ ఆ కబురు మోసుకెళ్ళే ఓడ ఇంకా లండను చేరలేదు. సర్ రాబర్ట్ రోలో గిలెస్పీ అని బతికుండగా అతన్ని ఎవరూ పిలవలేదు.

మరి యుద్ధ పతకాలు? నెపోలియన్ కాలపు యుద్ధాల్లో మామూలు సైనికులుగా పనిచేసినవాళ్ళకు ఇంగ్లీషు ప్రభుత్వం 1847లో ఒక పతకం మంజూరు చేసింది. జావా పేరుతో దానికొక పట్టీ ఉంది. ఇండియాలో జరిగిన యుద్ధాలకు 1851లో ఇంకొక పతకం వచ్చింది. నేపాలు యుద్ధానికి పట్టీ ఉంది, అస్సాయేకు ఉంది. మొత్తం 21 పట్టీలు. అయితే రెండు పతకాలకూ షరతు ఒక్కటే. ఆ నాటికి బతికి ఉండాలి, తానే అర్జీ పెట్టుకోవాలి. నాలాపానీలో ఇరవై ఏళ్ళున్న సిపాయికి 1851 నాటికి యాభై ఏడేళ్ళు. ఎంతమంది మిగిలి ఉంటారు? మిగిలినా, ఏ పల్లెలోనో పశువులు కాసుకుంటున్న ముసలి సిపాయికి లండనులో ఇలాంటి ప్రకటన వచ్చిందని ఎవరు చెబుతారు? ఆ ఇండియా పతకాలు అంతా కలిపి ఇచ్చినవి సుమారు 4,500 మాత్రమే. ఫ్రెంచివాళ్ళూ ఇలాగే చేశారు. నెపోలియన్ పాత సైనికుల్లో బతికి ఉన్నవాళ్ళకు 1857లో సెయింట్ హెలెనా పతకం ఇచ్చారు. చచ్చినవాడి పేరు రాసే వీరగల్లుకూ, బతికినవాడిని మాత్రమే పిలిచే పతకానికీ తేడా ఇదే.

ఆ 21 పట్టీల్లో వేలూరు లేదు. ఇటు కాల్చినవాడికీ లేదు, అటు కాలిపోయినవాడికీ లేదు. గిలెస్పీకి లండనులో సెయింట్ పాల్ చర్చిలో విగ్రహం ఉంది. పుట్టిన ఊరు కాంబర్‌లో 1845లో ఎత్తయిన స్తంభం నిలబెట్టారు. వేలూరులో చచ్చిన సిపాయీలకు గుర్తుగా ఆ ఊళ్ళో స్తంభం లేవడానికి 20వ శతాబ్దం చివరిదాకా ఆగవలసి వచ్చింది. 2006 జులైలో, 200 ఏళ్ళు నిండిన సందర్భంగా, మన తపాలా శాఖ ఒక స్టాంపు విడుదల చేసింది. ఆ స్టాంపు నా దగ్గర ఉంది. వేలూరు సిపాయీలకు నాకు దొరికిన పతకం అదొక్కటే.

కానీ నాలాపానీలో ఇంకొక సంగతి జరిగింది. యుద్ధం ముగిశాక ఇంగ్లీషువాళ్ళు అక్కడ రెండు స్తంభాలు కట్టారు. ఒకటి గిలెస్పీకీ, అతనితో పాటు చచ్చినవాళ్ళకూ. పక్కనే, అదే తీరున, ఇంకొకటి బలభద్రుడికీ, అతని గూర్ఖాలకూ. తమను రెండుసార్లు తిప్పికొట్టిన శత్రువు ధైర్యాన్ని మెచ్చుకుంటూ రాతి మీద చెక్కించారు. డెహ్రాడూన్ వెళ్ళినవాళ్ళు ఈనాటికీ వాటిని చూడవచ్చు. ఒక యుద్ధాన్ని రెండు పక్కల నుంచీ గుర్తుపెట్టుకోవచ్చని ఆ రెండు స్తంభాలు చెబుతున్నాయి. వేలూరులో ఆ పని చెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఇదంతా విని మీరు, "అయ్యవారూ, మాకూ పతకాలు పోగుచేసే సరదా కలిగింది" అంటే నేను సంతోషిస్తాను. అయితే ఒక మాట. మొదట్లో నేనూ మోసపోయాను. ఒక ఊళ్ళో పాత సామాన్ల అంగట్లో శ్రీరంగపట్నం పతకమని చెప్పి ఒకటి అమ్మారు. నెల జీతంలో సగం పెట్టాను. ఇంటికి తెచ్చి భూతద్దం కింద పెడితే ఒళ్ళంతా సన్నటి గుంటలు. అచ్చు కొట్టిన పతకం నున్నగా, గీతలు పదునుగా ఉంటుంది. మూసలో పోసిన నకలుకు ఇలాంటి గుంటలు పడతాయి, గీతలు మొద్దుబారుతాయి. ఇంకొక మోసం ఉంది. అంచు మీద ఉన్న అసలు పేరును ఆకురాయితో అరగదీసి, పేరుమోసిన దళంవాడి పేరు చెక్కుతారు. అప్పుడు అంచు ఒకచోట పలచబడి ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. నాకు ఇది మోసం కంటే పెద్ద తప్పుగా తోస్తుంది. ఒక మనిషి పేరు తుడిచేసి ఇంకొకడి పేరు రాయడం కదా.

అప్పటినుంచి నేను పతకాలు కొనడం తగ్గించాను. ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఎవరింట్లో పతకం ఉందని తెలిసినా వెళ్ళి, అంచు మీది అక్షరాలు దిద్దుకుని, పతకం వాళ్ళకే ఇచ్చి వస్తాను. నేను పోగుచేసేది అంచులను.

ఆమధ్య మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. జేబులోంచి నల్లగా మాసిపోయిన బిళ్ళ తీశాడు. "సార్, సేటు అంగడికి తీసుకుపోతే ఇది వెండి కాదంట, వద్దన్నాడు" అన్నాడు. చేతిలోకి తీసుకుని చూశాను. ఒకవైపు రాజు తలకాయ, ఇంకోవైపు గుర్రం మీద మనిషి. నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. అవ్వ చెప్పిన బొమ్మ అదే. మొదటి ప్రపంచ యుద్ధం పతకం. సిపాయీలకు దాన్ని వెండిలో ఇచ్చారు. మూటలు మోసినవాళ్ళకు, రోడ్లు వేసిన కూలి దళాలవాళ్ళకు కంచులో ఇచ్చారు. శ్రీరంగపట్నం నాటి తగరం లెక్క నూరేళ్ళ తర్వాత కూడా మారలేదన్నమాట.

కానీ చూడండి, వెండి బిళ్ళ కరిగిపోయింది. కంచు బిళ్ళను సేటు వద్దన్నాడు కాబట్టి మిగిలింది.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అంచు మీద పలచటి కాగితం చుట్టి, పెన్సిలుతో మెల్లగా రుద్దాం. ముందు ఒక సంఖ్య వచ్చింది. తర్వాత కూలి దళం పేరు. మధ్యలో ఒక మనిషి పేరు. ఇంగ్లీషు గుమాస్తా చేతిలో పడి వంకర టింకరగా ఉంది. పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. చదివి నా ముఖం చూశాడు. అది వాడి పేరే. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కదా, తరాలు దాటి ఆ పేరు వాడి దాకా వచ్చింది. ఎవరి పేరు తనకు పెట్టారో వాడికి ఆ రోజే తెలిసింది.

అందుకని శ్రోతలకు ఒక మనవి. మీ ఇంట్లో పాత పెట్టెల్లో, దేవుడి గూట్లో ఇలాంటి బిళ్ళ ఏదైనా ఉంటే, అది బంగారమా వెండా అని చూడకముందు అంచు చూడండి. చింతపండుతో, బూడిదతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. రిబ్బను చిరిగి ఉన్నా తీసిపారేయకండి. కాగితం చుట్టి పెన్సిలుతో రుద్దండి, లేదా సెల్‌ఫోనుతో నాలుగు పక్కలా ఫోటో తీయండి. ఆ పేరు, సంఖ్య ఒక పుస్తకంలో రాసి, ఆయన గురించి ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినది దాని కిందనే రాసిపెట్టండి. తప్పనిసరిగా అమ్మవలసి వస్తే, ఈ పనంతా చేశాకే అమ్మండి. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదని 1972లో చట్టం వచ్చిందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఒకవేళ మీ తాతలకు పతకమే రాకపోతే, వాళ్ళ పేరు మరీ తొందరగా రాసిపెట్టండి. గిలెస్పీ పేరు రాళ్ళ మీద ఉంది, పద్యాల్లో ఉంది, ఎక్కడికీ పోదు. వేలూరు గోడ దగ్గర నిలబడినవాళ్ళ పేర్లు మాత్రం పోయాయి.

నా మొలతాడు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా అబ్బాయికీ అదే కట్టాం. వాడు పెద్దవాడై అడిగితే చూపించి చెబుతాను, ఇందులో మన బస్రా తాత పేరు కలిసిపోయి ఉంది నాయనా, అని. ఏం పేరు నాయనా అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీ పిల్లలు అడిగినప్పుడు మీ దగ్గర ఉండాలని కోరుకుంటూ, సెలవు తీసుకుంటున్నాను.